పాతవాహనములలో చార్జింగు దోషములు: సైబరాబాదు ప్రాంతము

మోటారు వాహనమునందు ఇంజను తిరుగుచున్నంతసేపు దాని శక్తిలో అల్పభాగమును విద్యుత్తుగా మార్చి, ఆ విద్యుత్తుతో దీపములను, హారనును, స్పార్కుప్లగ్గులను నడపుచు, మిగిలినదానిని బ్యాటరీయందు నిలువచేసి, మరునాటి ఉదయము తాళపుచెవి త్రిప్పినంతనే ఇంజను కదలుటకు కావలసిన బలమును సిద్ధముగా ఉంచు ఏర్పాటునకు చార్జింగు వ్యవస్థ యని పేరు. బ్యాటరీ, ఆల్టర్నేటరు లేక డైనమో, రెగ్యులేటరు, వీనిని కలుపు తీగలు, ఆల్టర్నేటరును త్రిప్పు ఫ్యాను బెల్టు, మీటర్ల పలకపై వెలుగు ఎఱ్ఱదీపము దీని అంగములు. వీనిలో ఏ యొక్కటి చెడినను యజమానికి చివరకు కనబడు లక్షణ మొక్కటే: ఉదయమున సెల్ఫు తీసుకొనదు. లక్షణ మొక్కటియై కారణములు పలువిధములగుటచేతనే ఈ దోషనిర్ణయము ఓర్పుతో అభ్యసింపవలసిన విద్యయైనది. నింద యెల్లప్పుడును బ్యాటరీపై పడును. నేరము తఱచుగా మఱొకచోట నుండును. క్రొత్త బ్యాటరీ వేసిన నాలుగు నెలలకే బండి మరల మొరాయించినచో, ఆ బ్యాటరీని అమ్మినవానిని దూషించుటకు ముందు, దానికి ఆహారము పెట్టు యంత్రమును, ఆ ఆహారము నడచు మార్గమును పరీక్షింపవలెను.

హైదరాబాదునకు పశ్చిమమున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ గ్రామములు కలసిపోయి ఏర్పడిన సైబరాబాదు ప్రాంతము ఈ విషయమును పరిశీలించుటకు మిక్కిలి అనువైన చోటు. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన నాడు ఆ రోడ్లపై తిరిగిన అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, మారుతి 800లు నేటికి పాతికేండ్లు దాటినవి. తొలి రిజిస్ట్రేషనుకు చట్టము ఇచ్చిన 15 ఏండ్ల గడువు ముగిసి, ఐదేసి ఏండ్లకు పునరుద్ధరింపబడుచు, తండ్రి కొన్న కారును విడువలేని కుమారుని చేతిలోనో, పాతబండ్లపై మక్కువగల ఇంజనీరు చేతిలోనో అవి యింకను బ్రతికియున్నవి. ఇట్టి బండ్లపై ఈ ప్రాంతము మోపు భారము వేఱు నగరభాగముల భారమువంటిది కాదు. దూరములు స్వల్పము, నిలుపుదలలు దీర్ఘము, వారములో సగము దినములు సెల్లారులో కదలని నిద్ర, అందుపై దక్కను వేసవి.

పూర్వచరిత్ర: 1932లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో ఆరంభించిన కాలమున మోటారు బండ్లలో విద్యుత్తును పుట్టించినది డైనమో. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన సూత్రమే దీనికిని, తరువాత వచ్చిన ఆల్టర్నేటరునకును ఆధారము. అయస్కాంతక్షేత్రమునకును తీగచుట్టకును సాపేక్షచలనము కలిగినప్పుడు తీగలో విద్యుత్తు పుట్టును. డైనమోయందు తిరుగునది ఆర్మేచరు. దానిలో పుట్టిన ప్రవాహమంతయు కమ్యుటేటరుపై రాచుకొను కార్బన్ బ్రష్షుల గుండ బయటికి రావలయును. అందుచే ఆ బ్రష్షులు త్వరగా అరగును, వేడెక్కును, నిప్పురవ్వలు చిమ్మును. ఉత్తరపారలో 1957లో తయారీ మొదలైన అంబాసిడరునందును, బొంబాయిలో తయారైన ఫియట్ కారునందును చాలకాలము డైనమోయే నడచినది. ఆనాటి లూకాస్ డైనమోలు ఇచ్చినది సుమారు 20 ఆంపియర్లు. అదియు ఇంజను వేగముగా తిరిగినప్పుడే. ఇంజను నెమ్మదించినంతనే డైనమో వోల్టేజి బ్యాటరీకంటె తగ్గి, ప్రవాహము వెనుకకు మరలి డైనమోను కాల్చివేయకుండ నిలువరించుటకు ఒక చిన్న స్విచ్చి యుండెడిది. దాని పేరు కటౌట్. డైనమోలు పోయినవి, ఆ స్విచ్చియు పోయినది. కాని నేటి ఆటో ఎలక్ట్రీషియను రెగ్యులేటరును చూపి 'కటౌట్ పోయింది సార్' అనియే చెప్పును. పేరు పాతదైనను భావము స్పష్టమే కనుక దానిని సవరింప బూనుట అనవసరము.

ఆల్టర్నేటరులో వ్యవహారము తలక్రిందులైనది. అయస్కాంతమే రోటరై తిరుగును. విద్యుత్తు పుట్టు తీగచుట్టలు స్టేటరున కదలక నిలుచును. రోటరుతో తిరుగు స్లిప్‌రింగులపై ఆనియుండు బ్రష్షులు మోయవలసినది రోటరును అయస్కాంతముగా మార్చు మూడు నాలుగు ఆంపియర్లు మాత్రమే. పుట్టిన త్రిదశా ప్రవాహమును ఆరు సిలికాను డయోడులు ఏకముఖముగా మార్చును. ఈ డయోడులు చవుకగా లభించిన పిదపనే, అనగా 1960లో అమెరికాలో క్రైస్లర్ వారు తమ వేలియంట్ కారునకు అమర్చిన నాటినుండి, ఆల్టర్నేటరు సామాన్య వాహనములలో ప్రవేశించినది. 1961లో మద్రాసు సమీపమున పాడిలో వెలసిన లూకాస్-టీవీఎస్ సంస్థ మన దేశమున ఈ సామగ్రికి ప్రధాన స్థానమైనది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో ఆల్టర్నేటరు మధ్యతరగతి ఇంటి ముంగిటికి వచ్చినది. ఇక బ్యాటరీ విషయమున తెలుగువారికి సొంతమైన ఘట్టమొకటి కలదు: 1985లో గల్లా రామచంద్రనాయుడు తిరుపతి చెంత స్థాపించిన అమరరాజా సంస్థ 2000లో అమరాన్ పేర వాహనముల బ్యాటరీలను విపణికి తెచ్చినది.

బ్యాటరీ స్వభావము: 1859లో గాస్టన్ ప్లాంటే నిర్మించిన సీసపు బ్యాటరీయే మూలసూత్రమున నేటికిని మన బండ్లలో నున్నది. సీసపు పలకలు, సీసపు ఆక్సైడు పలకలు గంధకామ్లజలమున మునిగియుండు అర ఒక్కొక్కటి 2.1 వోల్టుల నిచ్చును; అట్టివి ఆఱు చేరి 12.6 వోల్టులగును. ప్రవాహము బయటికి పోవుకొలది పలకలపై సీసపు సల్ఫేటు పేరుకొనును, ఆమ్లము పలుచనగును. చార్జి చేసినపుడు ఈ క్రియ వెనుకకు మరలును. కాని సగము చార్జితో వారములు గడచినచో ఆ సల్ఫేటు గట్టిపడి స్ఫటికములై తిరిగి కరుగదు. బ్యాటరీ మరణములలో పెక్కు ఈ విధమైనవే. ఆకలితో మరణించినదానిని వృద్ధాప్యముతో మరణించినదానిగా లెక్కించుట మన సామాన్య దోషము.

దోషలక్షణములు: మీటర్ల పలకపైనున్న బ్యాటరీ గుర్తుగల ఎఱ్ఱదీపమును గూర్చి యజమానులకు గల జ్ఞానము సగము మాత్రమే. ఇంజను తిరుగునప్పుడు అది వెలిగినచో చార్జి లేదని ఎల్లరు నెఱుగుదురు. ఇంజను ఆగియున్నపుడు, తాళము 'ఆన్'లో నుంచినను అది వెలుగకున్నచో అదియు దోషమే యని ఎఱిగినవారు తక్కువ. పాత ఆల్టర్నేటర్లలో రోటరునకు తొలి ప్రవాహము ఆ దీపముగుండనే పోవును. దీపము మాడిన యెడల ఆ తొలి ప్రవాహము లేక ఆల్టర్నేటరు మేల్కొనదు, లేదా ఇంజనును గట్టిగా రెయిజు చేసినపుడు మాత్రమే మేల్కొనును. పది ఇరువది రూపాయల బల్బునకు బదులు ఆల్టర్నేటరునే విప్పి రిపేరు చేయించిన దురదృష్టవంతులు కలరు. దీపము మసకమసకగా వెలుగుట డయోడులలో ఒకటి చెడిన సూచన. దీపముతోపాటు వేడిముల్లు కూడ పైకి లేచినచో బెల్టు తెగినదని గ్రహించి తక్షణమే ఇంజను నాపవలెను. పెక్కు బండ్లలో వాటర్‌పంపును త్రిప్పునదియు ఆ బెల్టే కనుక, ఇంకొక రెండు కిలోమీటర్లు పోదమన్న ఆశ హెడ్‌గ్యాస్కెట్టును బలిగొనును. ఇంజను వేగముతో హెడ్‌లైట్ల వెలుగు హెచ్చుతగ్గులగుట, ఉదయము స్టార్టు చేసినంతనే బెల్టు కీచుమనుట, బ్యాటరీలో నీరు పదే పదే ఇంకిపోవుట, బానెట్టు తెఱువగా కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వచ్చుట తక్కిన ముఖ్యలక్షణములు. చివరి రెండును చార్జి తక్కువగుటకు గాక ఎక్కువగుటకు చిహ్నములు.

పరీక్షాక్రమము: దీనికి కావలసిన సాధనము కొన్ని వందల రూపాయలకు లభించు మల్టీమీటరు. పరీక్షలు ఒక వరుసన సాగవలెను. వరుస తప్పినచో ఒకదాని దోషము మఱొకదానిపై కనబడును.

ముందుగా కన్నులు, చేతులు. టెర్మినళ్లపై తెల్లగానో ఆకుపచ్చగానో పొక్కిన పూత యున్నచో వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరిన పిదప క్లాంపులను బిగించి వ్యాజిలీను పూయవలెను. క్లాంపును చేతితో త్రిప్పి చూచినపుడు కొంచెమైనను కదలరాదు. బెల్టును రెండు పుల్లీల నడుమ బొటనవ్రేలితో నొక్కినచో సుమారు ఒక సెంటీమీటరు దిగవలెను. అంతకు మించినచో వదులు. బొత్తిగా దిగకున్నచో బిగువు అధికమై బేరింగు చెడును. బెల్టు లోపలి అంచు అద్దమువలె మెఱయుచున్నచో అది జారుచున్నదని యర్థము.

పిదప, బండి కొన్ని గంటలు కదలక నిలిచియుండగా బ్యాటరీ రెండు టెర్మినళ్ల నడుమ వోల్టేజి చూడవలెను. 12.6 నిండు, 12.4 ముప్పాతిక; 12.2 సగము, 12కు దిగువనున్నచో ఆ బ్యాటరీ దాదాపు ఖాళీ. మూతలు విప్పదగిన పాతరకము బ్యాటరీయైనచో హైడ్రోమీటరు ఇంకను నిజము చెప్పును. ఆఱు అరలలో ఐదింటి సాంద్రత 1.250 యుండి ఒకదానిలో 1.150 మాత్రమే యున్నచో ఆ యొక్క అర చచ్చినది. అట్టి బ్యాటరీని ఎంత చార్జి చేసినను వ్యర్థము. ఖాళీయైన బ్యాటరీని బయట చార్జరుపై రాత్రంతయు నుంచి నింపిన పిదపనే తదుపరి పరీక్షలకు దిగవలెను. సగము నిండిన బ్యాటరీతో ఆల్టర్నేటరును పరీక్షించుట, ఆకొన్నవాని ఎదుట వంటవాని నేర్పును కొలుచుట వంటిది.

మూడవది, సెల్ఫు కొట్టునపుడు వోల్టేజి. అది పదికి దిగువగా పోరాదు. తొమ్మిదికిని దిగినచో బ్యాటరీ బలహీనమైయుండవలెను, లేదా సెల్ఫుమోటారు మితిమీరిన ప్రవాహమును లాగుచుండవలెను. నాలుగవది, ఇంజను స్టార్టు చేసి, యాక్సిలరేటరును కొంచెము తొక్కి, బ్యాటరీవద్ద మరల చూచుట. 13.8కును 14.5కును నడుమ నున్నచో చార్జింగు నడచుచున్నది. అప్పుడు హెడ్‌లైట్లు, బ్లోయరు, వైపర్లు వేయగా 13.5కు తగ్గరాదు. పదిహేనుకు చేరుచున్నచో రెగ్యులేటరు అదుపు తప్పినది; బ్యాటరీ నీరు మరిగిపోవును, బల్బులు మాడును. 12.6 దగ్గఱనే నిలిచియున్నచో ఆల్టర్నేటరు ఏమియు ఇచ్చుట లేదు. అట్టి స్థితిలో దానిని విప్పకుండనే చేయదగిన సులభ పరీక్ష యొకటి కలదు: ఇంజను నాపి, తాళము 'ఆన్'లో నుంచి, ఉక్కు స్క్రూడ్రైవరు కొనను ఆల్టర్నేటరు వెనుక బేరింగు చెంతకు తేవలెను. లోనికి లాగినట్లు తోచినచో రోటరు అయస్కాంతమైనది, దోషము డయోడులలోనో స్టేటరులోనో యున్నది. లాగకున్నచో అరిగిన బ్రష్షులను, తెగిన తీగను, మాడిన బల్బును అనుమానింపవలెను. మల్టీమీటరును ఏసీ వోల్టులకు మార్చి, ఇంజను తిరుగుచుండగా బ్యాటరీవద్ద చూచినపుడు అర వోల్టు మించి కనబడినచో డయోడు దోషము నిశ్చయము.

ఐదవ పరీక్ష ఎక్కువమంది మెకానిక్కులు చేయనిది, నా యభిప్రాయమున అన్నిటిలో విలువైనది. ఆల్టర్నేటరులో పుట్టిన వోల్టేజి బ్యాటరీ చేరులోపల ఎక్కడైన నష్టమగుచున్నదా యని కొలుచుట. కొండాపూరునందొక అపార్ట్‌మెంటు సెల్లారులో నేను చూచిన మారుతి 800 ఇందులకు దృష్టాంతము. ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు చనిపోయినవి. ఆల్టర్నేటరును ఒకసారి విప్పి బ్రష్షులు మార్చిరి. ఎఱ్ఱదీపము సక్రమముగా వెలిగి ఆరుచున్నది. హెడ్‌లైట్లు వేసి ఇంజను త్రిప్పగా బ్యాటరీవద్ద 13.1 వోల్టులు, ఆల్టర్నేటరు వెనుక బోల్టువద్ద 14.3. నడుమ పోయిన 1.2 వోల్టులు ఎక్కడ? మీటరు ఒక కొనను ఆల్టర్నేటరు దేహమునకు, రెండవదానిని బ్యాటరీ నెగటివునకు పెట్టగా 0.1 మాత్రమే; ఎర్తింగు మంచిదే. ఆల్టర్నేటరు బోల్టునుండి బ్యాటరీ పాజిటివునకు పెట్టగా 1.1. ఆ తీగవెంట వ్రేళ్లతో తడుముచు పోగా, ఫ్యూజు లింకుదగ్గఱి కనెక్టరు ముట్టుకొనలేనంత వేడిగా నున్నది. తెల్లని ప్లాస్టికు తేనెరంగునకు మారి, లోపలి రాగిపలక ఆకుపచ్చగా పొడిరాలుచున్నది. ఇరువది ఆంపియర్లు ప్రవహించుచోట 1.1 వోల్టు నష్టమనగా 22 వాట్ల వేడి ఆ గోరంత చోట పుట్టుచున్నదన్నమాట. కనెక్టరును తీసివేసి క్రొత్తది వేయగా బ్యాటరీవద్ద 14.1 కనబడినది. సెల్ఫుమోటారునకు పోవు లావుపాటి కేబులు వేఱుగా నుండుటచే, బ్యాటరీ నిండుగానున్న దినములలో బండి చక్కగా స్టార్టగుచు, దోషమును ఎవరికిని అనుమానము రానీయలేదు. ఈ నష్టము పాజిటివు వైపున గాక ఇంజను ఎర్తు పట్టీలో నున్నచో, నిండు బ్యాటరీతో గూడ సెల్ఫు నీరసముగా తిరిగెడిది, ఏలయన సెల్ఫు ప్రవాహమంతయు ఆ పట్టీగుండనే మరలి రావలెను. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో సగము పని మీటరు ముట్టకమునుపే తీరును. పాజిటివు మార్గమున 0.3, ఎర్తు మార్గమున 0.2 వోల్టులు దాటిన నష్టమును సహింపరాదు.

ఆఱవది, తాళము తీసిన పిదప రహస్యముగా పోవు ప్రవాహము. బ్యాటరీ నెగటివు క్లాంపును విప్పి, క్లాంపునకును టెర్మినలునకును నడుమ మీటరును ఆంపియర్లలో కలిపి, తలుపులన్నియు మూసి కొంతసేపు వేచి చూడవలెను. 50 మిల్లీ ఆంపియర్లు మించినచో ఫ్యూజులను ఒక్కొక్కటిగా లాగుచు, ఏది లాగినప్పుడు అంకె పడిపోవునో ఆ మార్గమును వెదుకవలెను. పాతబండ్లలో దొంగలు సాధారణముగా తరువాత బిగించినవే: సంగీతపు పెట్టె, సెంట్రల్ లాకు, దొంగతనము హెచ్చరించు సైరను, డిక్కీ మూసినను ఆరని దీపము. ఫ్యూజులన్నియు లాగినను అంకె తగ్గకున్నచో ఆల్టర్నేటరు తీగను విడదీసి చూడవలెను. కారుచున్న డయోడు అక్కడ దొరకును. మీటరు ఇట్లు కలిపియున్నపుడు పొరపాటునను సెల్ఫు కొట్టరాదు. మీటరు తక్షణమే మాడును.

సైబరాబాదు పరిస్థితులు: పై పరీక్షలన్నిటను నిర్దోషియని తేలిన బండి కూడ ఈ ప్రాంతమున బ్యాటరీ దింపుకొనుట కలదు. దాని కారణము లెక్కలో దొరకును. జులై సాయంకాలము వర్షములో మైండ్‌స్పేస్ కూడలినుండి బయోడైవర్సిటీ కూడలివైపు ప్రాకుచున్న చిన్న కారును తలచుకొందము. హెడ్‌లైట్లు 120 వాట్లు, వెనుక దీపములు మొదలైనవి 40, వైపర్లు 50, బ్లోయరు 120, ఏసీ క్లచ్చి 45, రేడియేటరు ఫ్యాను 100, జ్వలనసామగ్రియు ఇంధనపు పంపును కలసి 100: ఉరమరగా 575 వాట్లు, అనగా 42 ఆంపియర్లకు పైమాట. ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నపుడు చిన్న ఆల్టర్నేటరు తన పూర్తి సామర్థ్యములో సగమైనను ఇయ్యజాలదు. 20 లేక 25 ఆంపియర్లు వచ్చిన గొప్ప. తక్కినది బ్యాటరీ యిచ్చును. నలువది నిమిషములు ఇట్లు గడచినచో 35 ఆంపియర్-గంటల బ్యాటరీలో మూడవవంతు కరగిపోవును. యజమాని మాత్రము 'గంటసేపు నడిపితిని, చార్జయి యుండును' అని తలచును. నడిపినది కాలమును గాని చుట్లను కాదు.

సెల్ఫు కొట్టుటకు బ్యాటరీ అంతయు ఖర్చగునన్న నమ్మకము సరియైనది కాదు. 150 ఆంపియర్లు మూడు సెకండ్లు పోయినను అది ఆంపియర్-గంటలో ఎనిమిదవ వంతు. రోడ్డు ఖాళీగానున్నచో ఒకటి రెండు నిమిషములలో తిరిగి వచ్చును. కాని సగము దిగిన బ్యాటరీని నింపుటకు 17 ఆంపియర్-గంటలకు పైగా కావలెను. ఐదు ఆంపియర్ల మిగులుతో అది మూడున్నర గంటల మాట, నిండుకొలది బ్యాటరీ స్వీకరించు ప్రవాహము తగ్గిపోవుటచే వాస్తవమున ఇంకను ఎక్కువ. కొండాపూరునుండి రాయదుర్గమునకు పోయివచ్చుటతో అది ఎన్నటికిని తీరదు. అట్టి బండిని నెలకొకసారి చార్జరుపై పెట్టుట, లేదా ఆదివారమున ఔటర్ రింగురోడ్డుపై, ఏసీ అవసరము లేని ప్రాతఃకాలమున, గంటసేపు ఏకధాటిగా నడపుట మేలు.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను విధింపబడి కార్యాలయములు ఇండ్లలోనికి తరలినపుడు, సెల్లారులలో నిలిచిపోయిన బండ్లు ఈ పాఠమును కఠినముగా నేర్పినవి. 50 మిల్లీ ఆంపియర్లు అల్పమే. కాని 350 గంటలు, అనగా పదునైదు దినములకు లోపుగనే, 35 ఆంపియర్-గంటల బ్యాటరీ సగమగును. నెలకు మించిన నిలుపుదలలో అది నిశ్శేషమగును, ఆపై సల్ఫేటు పని మొదలగును. పదిదినములకు మించి కదలని పాతబండికి నెగటివు క్లాంపును విప్పియుంచుటకంటె సులభమైన రక్షణ లేదు. వారమున రెండు మూడు దినములే కార్యాలయమునకు పోవు అలవాటు నిలిచినందున ఈ జాగ్రత్త యిప్పటికిని వర్తించును. రోజున కొకమారు స్టార్టు చేసి ఐదు నిమిషములు సెల్లారులో నిలిపియుంచుట మంచిదని పలువురు తలతురు. దానివలన లాభము స్వల్పము, మూసిన చోట పొగ మాత్రము అధికము.

వేసవి సంగతి వేఱు. ఏప్రిల్, మే నెలలలో నలువది డిగ్రీల ఎండలో, గాజుభవనముల నడుమ ఆరుబయట నిలిపిన కారు బానెట్టు క్రింద వేడి ఇంకను హెచ్చు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినచో రసాయనక్రియావేగము రమారమి రెట్టింపగునను నియమము బ్యాటరీ పలకల క్షయమునకును వర్తించును. అందువలన హైదరాబాదులో బ్యాటరీని చంపునది వేసవి, ఆ మరణమును వెల్లడించునది డిసెంబరు ఉదయము. శీతకాలమున చిక్కబడిన ఆయిలును త్రిప్పవలసివచ్చినపుడు గాని లోపలి నష్టము బయటపడదు. నీటిమట్టమును మార్చి మొదలు నెలకు రెండుమార్లు చూచి డిస్టిల్డువాటరు పోయవలెను. ఈ గ్రానైటు నేలలోని బోరునీరు లవణములతో నిండినది. కుళాయినీరును, బోరునీరును బ్యాటరీకి విషములు. తగ్గినది నీరే గాని ఆమ్లము కాదు గనుక ఆమ్లము పోయుటయు తప్పే.

2020 అక్టోబరు 13, 14 తేదీల జడివానవంటి వానలకు సెల్లారులలో నీరు నిండినపుడు ఆల్టర్నేటరు మునుగును. బురద బ్రష్షుల గూడులో ఎండి వానిని స్లిప్‌రింగునకు ఆననీయదు. బేరింగు నెలలోపల మ్రోయ నారంభించును. మునిగిన బండికి ముందు నెగటివు క్లాంపును విప్పి, ఆల్టర్నేటరును దింపి, ఎలక్ట్రీషియనుచే శుభ్రపఱచి ఆరబెట్టిన పిదపనే సెల్ఫు కొట్టవలెను.

మరమ్మతులు: ఆల్టర్నేటరు చెడినదని తేలినను దానిని పూర్తిగా మార్చుట అన్నివేళల అవసరము కాదు. ఐదు మిల్లీమీటర్లకు తగ్గిన కార్బన్ బ్రష్షులు, గాడిపడిన స్లిప్‌రింగు, బేరింగు, డయోడు ప్లేటు, కటౌట్: ఇవన్నియు విడిగా లభించును. కార్బన్లు మార్చు సమయమున బేరింగును గూడ చేతితో త్రిప్పి, గరగరలాడునేమో వినవలెను; రెండు పర్యాయములు విప్పు కూలి తప్పును. స్టేటరు చుట్టలు నల్లబడి మాడిన వాసన వచ్చుచున్నచో మాత్రము వైండింగుకంటె మార్చుటయే మేలని నేను తలతును. ఈ సామగ్రికి నగరమున పుత్లీబౌలి దుకాణములును, పాతబండ్ల విడిభాగములకు గోషామహల్ బజారును ప్రసిద్ధములు. హైటెక్ సిటీ అద్దాల భవనముల చెంత గంటలతరబడి వెదకినను దొరకని డైనమో ఆర్మేచరు అక్కడి ఇనుపరాశులలో దొరకవచ్చును. ఆర్మేచరు మార్చిన డైనమోను అమర్చునపుడు దాని ధ్రువములను బండి ఎర్తింగునకు అనుగుణముగా నిలుపవలెను. పూర్వపు లూకాస్ సామగ్రిగల బండ్లలో పాజిటివే ఎర్తుగా నుండెడిదని మరచి పెక్కురు చిక్కులపాలైరి.

విడువవలసిన అలవాట్లలో అతిప్రమాదకరమైనది, ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ టెర్మినలును పీకి 'ఆగలేదు కనుక ఆల్టర్నేటరు బాగున్నది' అని తీర్పు చెప్పుట. డైనమోల కాలమున అది చెల్లినది. ఆల్టర్నేటరునందు బ్యాటరీ హఠాత్తుగా తొలగినచో వోల్టేజి క్షణకాలము పలుమడుగులు పెరిగి డయోడులను, రెగ్యులేటరును, కంప్యూటరుగల బండ్లలో ఆ కంప్యూటరును కాల్చివేయును. 2000 తరువాతి ఎంపీఎఫ్ఐ మారుతీలకు ఇది మరణదండనయే కావచ్చును. దింపిన బ్యాటరీకి వేఱు బండినుండి కేబుళ్లు తగిలించునపుడు పాజిటివునకు పాజిటివు కలిపి, ఇచ్చు బండి నెగటివునకు ఒక కొన తగిలించి, చివరి కొనను దిగిన బ్యాటరీకి గాక దూరముగా ఇంజను లోహమునకు తగిలింపవలెను. బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను చెంత నిప్పురవ్వ పుట్టరాదు. ఇదే కారణమున బానెట్టు క్రింద సిగరెట్టుతో వంగి చూచుటయు నిషిద్ధము.

ద్విచక్రవాహనములలో విషయము సంక్షిప్తము. తొలినాటి చేతక్ స్కూటర్లలో పెక్కింటికి బ్యాటరీయే లేదు. ఫ్లైవీలు మాగ్నెటో దీపమును నేరుగా వెలిగించెడిది, ఇంజను నెమ్మదించిన దీపము మసకబారెడిది. పాత బుల్లెట్టు డైనమోకు కారు డైనమో పరీక్షలే చెల్లును. తరువాతి మోటారుసైకిళ్లలో స్టేటరు ప్రవాహమును ఏకముఖముగా మార్చి అదుపుచేయు రెగ్యులేటరు-రెక్టిఫైయరే తఱచుగా చెడునది. గాలి తగులుచోట, శుభ్రమైన లోహముపై అది బిగింపబడియుండవలెను.

మరమ్మతు ముగిసిన సాయంకాలము వచ్చు 14.2ను చూచి పని పూర్తియైనదని తలపరాదు. రాత్రి నిలిపిన బండికి మరునాడు ఉదయము, తాళము త్రిప్పకమునుపే, బానెట్టు ఎత్తి బ్యాటరీవద్ద అంకె చూడవలెను. 12.5 దాటియున్నచో దొంగ ప్రవాహమును లేదు, అరయును చావలేదు. ఆ అంకెను తేదీతో సహా చిన్న కాగితముపై వ్రాసి బానెట్టు లోపల అంటించి, వారము గడచిన పిదప అదే వేళకు చూచిన అంకెను దాని క్రిందనే వ్రాయవలెను.